ఎక్స్‌చేంజి బలరాం వెండి బూటు

బలరాం ముఖం తెలియని వాళ్లకు కూడా అతని గొంతు తెలుసు. కొత్తగూడెంలో బొగ్గు గనుల టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటర్ అతను. గని లోపలున్న మనిషి పై ఆఫీసుతో మాట్లాడాలన్నా, ఇల్లెందు నుంచి మణుగూరుకు కబురు అందాలన్నా ఆ ఫోను మొదట అతని దగ్గరే మోగేది. "నమస్తే, ఎక్స్‌చేంజి. ఎవరు కావాలె?" అనేవాడు. చిక్కటి గొంతు. అందులో తొందర గానీ విసుగు గానీ వినపడేది కాదు. షిఫ్టు దిగాల్సిన మనిషి ఇంకా ఇల్లు చేరలేదని ఏ ఇల్లాలో పక్క క్వార్టర్ ఫోను నుంచి భయపడుతూ అడిగితే, రెండు మూడు చోట్లకు కలిపి కనుక్కుని, "దిగిండమ్మా, బట్టలు మార్చుకుంటుండు. జర సేపట్ల వస్తడు" అని చెప్పేవాడు. ఆ మాటతో ఆమె పొయ్యి మీద మళ్లీ అన్నం పెట్టుకునేది.

నా పేరు వీరేందర్. అదే ఎక్స్‌చేంజిలో లైన్‌మన్‌ని. మా నాయన కరీంనగర్ వైపు నుంచి గని పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణి.

బలరాంది ఇల్లెందు దాటాక అడవి అంచున ఉన్న సోమ్లా తండా. రెండేళ్ల వయసులో జ్వరం వచ్చి, అది తగ్గేసరికి ఎడమ కాలు చచ్చుబడింది. పెరిగేకొద్దీ ఆ కాలు సన్నగా, రెండోదాని కంటే మూడంగుళాలు పొట్టిగా మిగిలిపోయింది. హాస్టల్లో ఉండి ఇంటర్ దాకా చదివాడు. తొంభై నాలుగులో హ్యాండీక్యాప్డ్ కోటాలో ఈ ఉద్యోగం వచ్చింది. కాలి తేడా పూడ్చడానికి హైదరాబాద్ దవాఖానాలో ఇచ్చిన నల్ల బూటు వేసుకునేవాడు. దాని అడుగు ఇటుకంత మందం. నడుస్తుంటే టక్, టక్ అని చప్పుడయ్యేది. ఆ అడుగు కనపడకుండా పాంటు ఎప్పుడూ పొడుగ్గా కుట్టించుకునేవాడు. ఎక్స్‌చేంజికి అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఆఖర్న వెళ్లేవాడు. డ్యూటీ మీద శ్రద్ధ అనుకున్నాను చాలా ఏళ్లు. తన నడక ఎవరి కంటా పడకూడదని అలా చేసేవాడని అతని భార్య భాను చెబితే గానీ నాకు తెలియలేదు. భాను నర్సు. బూర్గంపాడు వైపు డ్యూటీ, రోజూ బస్సులో పోయివచ్చేది.

నాకు పాటల పిచ్చి. డ్యూటీ లేనప్పుడు నలుగురైదుగురం కలిసి వెన్నెల ఆర్కెస్ట్రా అని ఒకటి నడిపేవాళ్లం. వినాయక చవితి పందిళ్లలో, క్వార్టర్ల పెళ్లిళ్లలో, అప్పుడప్పుడు పర్ణశాల, భద్రాచలం వైపు పిలుపులకు వెళ్లేవాళ్లం. నేను మనిషిని బాగుంటానని పేరు. గొంతే లేదు. బలరాంకు గొంతుంది. తొంభై ఎనిమిదిలో ఒక పందిట్లో అతను మొదటిసారి స్టేజి ఎక్కాడు. మైకు దాకా నడిచి వస్తుంటే ముందు వరసలో ఎవరో ఆ నడకను అనుకరించారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బలరాం ఒక పాట ఎలాగో పూర్తిచేసి దిగిపోయి, "నేను ఎనక గూసోని పాడుత వీరా. ముందర నువ్వు నిలబడు" అన్నాడు.

నేను కాదనలేదు. ఆ మరుసటి ప్రోగ్రాం నుంచి అతను పెద్ద స్పీకర్ల చాటున కుర్చీలో కూర్చుని పాడేవాడు. నేను మెరిసే చొక్కా వేసుకుని, పని చేయని మైకు పట్టుకుని, ముందు నిలబడి పెదవులు కదిపేవాణ్ణి. ఆర్కెస్ట్రాలో వాళ్లకు తప్ప ఈ సంగతి బయట పెద్దగా ఎవరికీ తెలియదు. ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి పాట బాగా పాడారని చెబితే నవ్వుతూ తలూపేవాణ్ణి. ఐదేళ్లు ఇలా గడిచాయి. ఆ ఐదేళ్లలో ఇది తప్పని నాకు ఒక్క రోజు కూడా అనిపించలేదు.

రెండువేల మూడు జూన్ నెలాఖరున రామ్‌చందర్ సారు రిటైరయ్యాడు. పెద్ద ఇంజినీరు. ఆఖరి రోజు అన్ని సెక్షన్లూ తిరిగి చెప్పిపోతూ మా ఎక్స్‌చేంజికి కూడా వచ్చాడు.

"బలరాం అంటే ఎవరయ్యా? తొమ్మిదేండ్ల సంది నా చెవిల మాట్లాడేటోని మొఖం సూడకుంట ఎట్ల పోత?" అన్నాడు గుమ్మంలోనే.

బలరాం ఫోన్లు కలిపే బోర్డు దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు. లేవడంలో పాంటు అంచు పైకి జరిగి బూటు బయటపడింది. సారు చూపు దాని మీద ఆగింది. మామూలుగా ఎవరైనా అయితే చూపు తిప్పుకుంటారు. ఆయన వంగి మరీ చూసి పెద్దగా నవ్వాడు.

"అబ్బో, గింత ఎత్తు అడుగా! నాకూ ఉండె ఇసొంటియి. జత ఉండె."

బలరాం ముఖం కందిపోయింది. నాకైతే ఆ పెద్దమనిషిని బయటికి పంపేయాలనిపించింది. సారు వెంటనే గ్రహించినట్టున్నాడు. నవ్వు ఆపి బలరాం భుజం మీద చెయ్యి వేశాడు.

"నిన్ను సూసి నవ్వలె బలరాం. నా పడుచుతనం యాదికొచ్చి నవ్విన. మాటల్తోని చెప్పేది కాదు. ఆదివారం పొద్దుగాల ఇంటికి రా, సూపిస్త. ఏమయ్యా వీరేందర్, నువ్వు గూడ తోల్కరా ఈయనను."

బలరాంకు వెళ్లడం ఇష్టం లేదు. పెద్దాయన పిలిచాడని నేనే స్కూటర్ మీద బలవంతంగా తీసుకెళ్లాను. బంగళా నిండా సామాన్లు కట్టిన అట్టపెట్టెలు. ఖమ్మంలో తీసుకున్న ఇంటికి మారుతున్నారు. సారు ఒక పెట్టె విప్పి పాత రికార్డుల కట్ట బయటికి తీశాడు. అన్నీ ఇంగ్లీషువి.

"డెబ్బై మూడుల నన్ను ట్రైనింగ్‌కు ఇంగ్లండు పంపిన్రు. కానక్ అని ఊరు. ఆడ గూడ బొగ్గు బావులే. నాకు ఇరవై ఎనిమిదేండ్లు. చలి, ముసురు, మాట్లాడెతందుకు మనిషి లేడు. నేనుండే ఇంటోళ్లు గురువారం వచ్చిందంటే పనులన్ని బందు పెట్టి టీవీ ముందర గూసునేటోళ్లు. అండ్ల వచ్చేటోళ్లు ఈ పాటగాళ్లు. దీన్ని గ్లామ్ రాక్ అంటరు. గ్లామర్ అంటరు సూడు, అండ్లకెల్లి తీసిన మాట."

ఒక్కొక్క అట్టే చూపిస్తూ చెప్పుకుంటూ పోయాడు. ఒకడు ఉంగరాల జుట్టువాడు, మార్క్ బోలన్ అట, కళ్ల కింద బుగ్గల మీద మెరుపు పొడి అద్దుకున్నాడు. ఇతనితోనే ఈ మెరుపుల మోజు మొదలైందని సారు చెప్పాడు. ఇంకొకడు డేవిడ్ బోవీ. కుంకుమ రంగు జుట్టు, కనుబొమలు లేవు, ముఖానికి రంగు. మగవాడో ఆడదో, అసలు ఈ లోకంవాడో కాదో తెలియనట్టు ఉన్నాడు. తోలు బట్టలు వేసుకుని తన కంటే పెద్ద గిటార్ మెడకు తగిలించుకున్న ఒక చిన్న ఆడపిల్ల కూడా ఉంది. సుజీ క్వాట్రో.

"వీళ్లు స్లేడ్" అని సారు ఇంకో అట్ట తీశాడు. "నేనున్న సుట్టుపక్కలోళ్లే. బొగ్గు పొగల, ఇనుప కొలుముల మధ్యల పెరిగినోళ్లు. ఈ పాడేటోడు ఉన్నడే, ఈని నాయన కిటికీలు తుడిసేటోడు. ఈని టోపీ సూడు."

నల్లటి ఎత్తు టోపీకి చుట్టూ గుండ్రటి అద్దాలు అంటించి ఉన్నాయి. బలరాం టోపీని చూడలేదు. అతని చూపు కిందికి, వాళ్ల కాళ్ల మీదికి పోయింది. నలుగురిలో ఒకడు వెండి రంగు బూట్లు వేసుకున్నాడు. రెండు బూట్లకూ అడుగు ఇటుకంత మందం.

"సార్" అన్నాడు బలరాం ఆ బూట్ల మీద వేలు పెట్టి. "వీళ్ల కాళ్లు మంచిగనే ఉన్నయా?"

"నిక్షేపంగ ఉన్నయ్."

"మరి గిసొంటి బూట్లు ఎందుకేసుకున్నరు?"

"అందరు సూడాలెనని. అప్పుడు పడుచు పోరగాళ్లందరికీ అదే పిచ్చి. నేను గూడ ఒక జత కొని, మంచుల జారిపడి, వారం రోజులు లేవలె."

సారు రికార్డు పెట్టాడు. గిటార్లు గరగరలాడుతూ మొదలయ్యాయి. పాడేవాడి గొంతు గొంతు కాదు, సైరన్. వెనక పదిమంది చెప్పులతో నేలను బాదుతున్నట్టు తాళం. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బలరాం ఎడమ కాలు నేల మీద టక్ టక్ మంటోంది. అతను తాళం వేస్తున్నాడు. ఐదేళ్లలో అతను ఆ కాలితో తాళం వేయడం నేను చూడలేదు. వచ్చేటప్పుడు సారు ఆ కట్ట, రికార్డు ప్లేయరు రెండూ అతని చేతుల్లో పెట్టి పంపించాడు.

జులై అంతా ఆ ఇంట్లో అవే పాటలు. మాటలు తెలియకపోయినా ఎత్తుగడలు అతనికి కంఠతా వచ్చాయి. ఒకరోజు డ్యూటీ మధ్యలో నన్ను పిలిచి, "వీరా, రెండు బూట్లు ఎత్తువి కుట్టిస్త. రెండూ ఎత్తుగ ఉంటే ఏ కాలు అవిటిదో ఎవలకు తెలుస్తది? పైన బెల్‌బాటం ఏస్త. అప్పుడు ముందర నిలబడి పాడొచ్చు" అన్నాడు.

"నిలబడు అన్నా, మంచిదే గద" అన్నాను.

బజారులో గని బూట్లు బాగుచేసే గురవయ్య దగ్గరికి ఇద్దరం వెళ్లాం. అట్ట మీద బొమ్మ చూసి గురవయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"కుడికి మూడంగుళాలు, ఎడమకు ఆరు. గంతేనా సారూ?"

"గంతే."

"పడ్తవ్ బిడ్డా. సచ్చుబడ్డ కాలికి ఆరంగుళాలు కట్టుకుంటె మడమ ఆగది. రెండు, ఐదు చేస్త. గది గూడ నీ కోసం."

వారం తర్వాత జత తయారైంది. తేలిగ్గా ఉండాలని చెప్పుల రబ్బరు పొరలు పొరలుగా అంటించి, పైన తోలు కుట్టి, గేట్లకు వేసే వెండి రంగు పూశాడు. ఎక్స్‌చేంజి వెనక వరండాలో మధ్యాహ్నం తిండి వేళ బలరాం నడక నేర్చుకునేవాడు. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి నా భుజం మీద. పది అడుగులు వేస్తే చొక్కా తడిసిపోయేది. ఐదో రోజుకు నా భుజం వదిలాడు. ఎనిమిదో రోజు గోడ వదిలాడు. వరండా చివరి దాకా నడిచి, వెనక్కి తిరిగి, నా వైపు చూసి నవ్వుతుండగా ఎడమ మడమ పక్కకు మడతపడింది. నేను అందుకునేలోగా సిమెంటు గచ్చు మీద పడ్డాడు.

ఎముక విరగలేదు. మడమ వాచి బత్తాయంత అయింది. ఆ బూట్లు మళ్లీ తొడగవద్దని, పాతది తప్ప ఏదీ వేసుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. చవితికి పన్నెండు రోజులున్నాయి. దవాఖానా నుంచి ఇంటికి వెళ్తూ నాకు బాధగానే ఉంది. కానీ లోపలెక్కడో, ఈ ఏడు కూడా ముందు నేనే నిలబడతానని ఒక సంతోషం తల ఎత్తింది. దాన్ని నేను చూడనట్టు నటించాను.

రెండ్రోజుల తర్వాత పరామర్శకు వెళ్లాను. బలరాం లోపల పడుకుని ఉన్నాడు. భాను గుమ్మంలోనే ఆపింది.

"ఆయన మడమ మంచిగైతది వీరన్నా. గది నేను సూసుకుంట. నేను అడిగేది వేరే."

"అడుగమ్మా."

"ఐదేండ్ల సంది మీరు ముందర, ఆయన ఎనక. ఆయనే గట్ల అన్నడు, నిజమే. మీరు ఒక్కసారన్న వద్దన్నరా?"

తెచ్చిన బత్తాయిల సంచి ఆమె చేతికిచ్చి చెప్పులు విప్పాను.

లోపల బలరాం తల్లి ద్వాలి కూడా ఉంది. కొడుకు పడ్డాడని తెలిసి తండా నుంచి వచ్చింది. వయసు మళ్లింది, ఇప్పటికీ అద్దాల రవికె, ముంజేతుల నిండా తెల్ల గాజులు. స్లేడ్ వాళ్ల అట్ట ఒళ్లో పెట్టుకుని అద్దాల టోపీని వేలితో తడుముతోంది. లంబాడీ మాటల్లో ఏదో అడిగింది. బలరాం పకపకా నవ్వి నాకు చెప్పాడు.

"ఈడు ఏ తండావోడు అని అడుగుతుంది. అద్దాలు అంటించుకుండంట, కుట్టు రాదంట. కుట్టుంటె ఊడకపోవు అంటుంది."

తర్వాత నవ్వు తగ్గి కాసేపు తన కాలికేసి చూసుకున్నాడు.

"పండుకోని ఆలోచించిన వీరా. నేను ఉల్టా అర్థం చేసుకున్న. సార్ ఏం చెప్పిండు? అందరు సూడాలెనని ఏసుకున్నరు అన్నడు. నేను ఎవలు సూడొద్దని కుట్టిచ్చిన. గందుకే పడ్డ."

"ఇప్పుడేం చేద్దామన్నా?"

"నా బూటుకే రంగేస్త. ఒక్కటే. అందరు దాన్నే సూడాలె."

గురవయ్య డబ్బాలో మిగిలిన వెండి రంగంతా ఆ నల్ల బూటుకు రెండు పూతలు పట్టింది. టోపీ సంగతి ద్వాలి చూసుకుంది. నేను స్టోర్ వెనక పడేసిన పాత గని హెల్మెట్ ఒకటి తెచ్చి ఇచ్చాను. ఆమె ఎర్ర గుడ్డతో దానికి ముసుగు కుట్టి, అంగుళం జాగా వదలకుండా అద్దాలు కుట్టింది. వారం రోజులు ఆ ఇంట్లో ఎవరూ ఆమెను ఇంకో పని అడగలేదు.

చవితి పందిట్లో మా ప్రోగ్రాం మూడో రోజు సాయంత్రం. అప్పటికి బలరాం మడమ వాపు తగ్గింది. కమిటీ పెద్ద హాతీరాం ప్రోగ్రాంకు ముందే నన్ను పక్కకు పిలిచాడు. అతనిదీ గని కొలువే, మంచివాడే.

"బలరాం ముందర నిలబడ్తడని విన్న. ఎందుకు వీరా? ఎనకకెల్లి మంచిగనే పాడుతుండు గద. జనం నవ్వితే ఆయనకే బాధైతది. నువ్వే ఉండు."

స్పీకర్ల చాటున పాడేది బలరామేనని కమిటీ పెద్దకు తెలుసు. ముందు నిలబడాల్సింది అతనేనని ఆ సమయంలో నేను చెప్పి ఉంటే బాగుండేది. ధైర్యం చాలలేదు.

"నా గొంతు బాగలేదన్నా" అన్నాను.

హాతీరాం నా ముఖం అదోలా చూశాడు. నా గొంతు ఎన్నడు బాగుందని అతను అడగలేదు. సరే కానివ్వమన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

ఏడు గంటలకు లైట్లు వేశారు. మైదానం నిండా జనం. పగటి షిఫ్టు వాళ్లు స్నానాలు చేసి, పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. బలరాం స్టేజి వెనక మెట్ల మీంచి ఎక్కాడు. మామూలు తెల్ల చొక్కా, నల్ల పాంటు. ఎడమ కాలి పాంటు మాత్రం మోకాలి దాకా మడిచాడు. సన్నటి ఆ కాలు, దాని కింద వెండి బూటు, తల మీద అద్దాల హెల్మెట్. చెక్క స్టేజి మీద టక్, టక్ అని చప్పుడు చేస్తూ ముందుకు నడిచాడు. వెనక నుంచి మైకు దాకా పన్నెండు అడుగులు. నేను డ్రమ్ములవాడి పక్కన నిలబడి లెక్కపెట్టాను.

ఆరో అడుగుకు నవ్వులు మొదలయ్యాయి. వెనక నుంచి ఎవడో "ఏయ్ జోకర్" అని అరిచాడు. ఇంకొకడు ఈల వేశాడు. బలరాం మైకు దగ్గర ఆగాడు. పాట ఎత్తుకుంటాడనుకుని కీబోర్డువాడు మొదలుపెట్టబోతే వద్దని వేలు ఎత్తాడు. గాలి పీల్చుకున్నాడు.

"నమస్తే, ఎక్స్‌చేంజి. ఎవరు కావాలె?"

నవ్వులు, ఈలలు ఆగిపోయాయి. అందరి చెవులకూ తెలిసిన గొంతు. ఇంటి గురించి బెంగపడ్డ రోజున, కాన్పు కబురు కోసం ఎదురుచూసిన రోజున, సెలవు దొరికిందో లేదో తెలియని రోజున వాళ్లతో మాట్లాడిన గొంతు. ముందు వరసలో ఒక ముసలి కార్మికుడు లేచి నిలబడ్డాడు.

"అరె, మన ఎక్స్‌చేంజోడు! గీయనేనా?"

ఇక ఆగలేదు. నలుమూలల నుంచి అరుపులు. "ఐదో నంబర్ బావి కలుపన్నా!" "మా మేనేజర్‌ను కలుపు, సెలవు కావాలె!" "మా అత్తగారింటికి కలుపు!" ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఈ నవ్వు వేరు.

"అందరికి కలుపుత. లైన్ల ఉండున్రి" అని బలరాం పాట ఎత్తుకున్నాడు.

తెలుగు పాటే. కానీ చరణం అయిపోగానే ఆ ఇంగ్లీషువాళ్ల పద్ధతిలో వెండి బూటుతో స్టేజిని బాదాడు. చెక్క దద్దరిల్లింది. రెండోసారి జనం కూడా కాళ్లతో బాదారు. తల తిప్పినప్పుడల్లా హెల్మెట్ మీది అద్దాలు లైట్లను ముక్కలు చేసి జనం ముఖాల మీద చల్లాయి. పిల్లలు ఆ వెలుగు చుక్కలను పట్టుకోవడానికి చేతులు చాపారు. భాను పక్కగా నిలబడి ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు కనపడలేదు. ద్వాలి రాలేదు. కొడుకును జనం మధ్య అలా చూడలేనని ఇంట్లోనే ఉండిపోయింది.

ప్రోగ్రాం అయ్యాక ఒకామె నా దగ్గరికి వచ్చింది. "గదేంది వీరన్నా, ఇన్నేండ్లు నువ్వు గాదా పాడింది?" అంది.

"కాదు వదినా. గాయనే" అన్నాను. నలుగురూ విన్నారు. కొందరు నా ముందే తిట్టారు. తిట్టనిచ్చాను.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని చెప్పలేను. పెళ్లిళ్ల వాళ్లు కొందరు, స్టేజి మీద అందమైన మనిషి ఉండాలని మమ్మల్ని పిలవడం మానేశారు. భద్రాచలంలో ఒకచోట బలరాం బూటు చూసి లోపలికి రానివ్వకపోతే అందరం సామాన్లు సర్దుకుని వచ్చేశాం. ఆర్కెస్ట్రాలో ఇద్దరు విడిపోయి వేరే పార్టీ పెట్టుకున్నారు. కానీ క్వార్టర్ల పందిళ్లలో మాత్రం ఎక్స్‌చేంజి బలరాం పార్టీ అనే పిలిచేవారు. నేను డ్రమ్ములు నేర్చుకున్నాను. గొప్పగా రాదు గానీ తాళం తప్పను.

రెండువేల ఐదులో ఒకసారి ఖమ్మం వెళ్లి రామ్‌చందర్ సారును కలిశాం. చవితి పందిట్లో తీసిన బలరాం ఫోటో చూపిస్తే ఆయన చాలాసేపు చేతిలోంచి దించలేదు. బలరాం ఎన్నాళ్ల నుంచో మనసులో పెట్టుకున్నది అడిగాడు.

"సార్, వాళ్లంత తర్వాత ఏమైన్రు?"

"మూడు నాలుగేండ్లే ఉన్నదయ్యా ఆ మోజు. నేను వాపసొచ్చే యాళ్లకే తగ్గుతుండె. ఆ ఉంగరాల జుట్టాయన ముప్పై నిండకుంటనే కారు ప్రమాదంల పొయిండు. బోవీ ఆ వేషం ఇడిసిపెట్టి ఇంకోటి, అది ఇడిసిపెట్టి ఇంకోటి, గట్ల మారుకుంటనే పొయిండు. ఇప్పటికీ పాడుతుండు. స్లేడోళ్ల రోజులు గూడ పొయినయ్ గని, క్రిస్మస్ వస్తే ఇప్పటికీ ఆడ ప్రతి దుకాణంల వాళ్ల పాట మోగాల్సిందే అంటరు."

"అంటే పొయినట్టా, ఉన్నట్టా?"

సారు నవ్వాడు. "తర్వాత జుట్టు పెంచి, రంగులు పూసుకున్న బ్యాండ్లన్ని వాళ్లకెల్లి నేర్సుకున్నయే. ఆ సుజీ పిల్లను సూసి ఎంతమంది ఆడపిల్లలు గిటార్ పట్టిన్రో లెక్క లేదు. అందరి లెక్కన ఉండనోడు సిగ్గుపడకుంట స్టేజి ఎక్కొచ్చు, వేషం నీ ఇష్టం అని చెప్పి పొయిన్రు. గది ఎటు పోతది?"

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని బలరాం దారంతా బూటుతో తాళం వేస్తూనే ఉన్నాడు.

రెండువేల ఏడుకు ఎక్స్‌చేంజిలో మిషన్లు మారాయి. నంబరు నొక్కితే నేరుగా కలిసిపోతుంది, మధ్యలో మనిషి అక్కర్లేదు. బలరాంను డిస్పాచ్ సెక్షన్‌కు మార్చారు. కాగితాలకు ముద్రలు వేసే పని. మొదటి నెలలో చాలా దిగులుపడ్డాడు. ఖాళీగా ఉన్నప్పుడు ఫోను ఎత్తి, డయల్ టోన్ విని, పెట్టేసేవాడు. ఇప్పుడు అందరికంటే ఆఖర్న ఇంటికి వెళ్లడు. సాయంత్రం ఐదు గంటల గుంపులో కలిసి, టక్ టక్ మంటూ, అందరినీ పలకరిస్తూ నడిచి వెళ్తాడు.

రెండువేల ఎనిమిది ఆగస్టులో తీజ్ పండుగకు సోమ్లా తండా వాళ్లు మమ్మల్ని పిలిచారు. ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, ఆఖరి రోజు ఆటపాటలతో వాగులో కలిపే పండుగ. బలరాం పదేళ్ల వయసులో తండా విడిచి హాస్టల్‌కు వెళ్లాక, అక్కడ పాడటం అదే మొదటిసారి. స్టేజి లేదు. ఇంటి ముందు వాకిట్లో, పట్టపగలు. అతని బడి స్నేహితులు, ఒకప్పుడు అతన్ని కాలి పేరు పెట్టి పిలిచినవాళ్లు, ఇప్పుడు పిల్లల తండ్రులై వరసగా కూర్చున్నారు. ద్వాలి ముందు మంచం మీద కూర్చుంది. కొడుకు నలుగురిలో నిలబడి పాడటం ఆమె చూడటం కూడా అదే మొదలు.

బలరాం మొదట తండా పాట ఒకటి పాడాడు. తర్వాత కాలితో బాదే పాట. ఆడవాళ్లు వలయం కట్టి ఆడారు. వాళ్ల బట్టల అద్దాలు, అతని హెల్మెట్ అద్దాలు ఎండలో కలిసిపోయాయి. నేను డ్రమ్ములు వాయిస్తూ ద్వాలిని గమనిస్తున్నాను. ఆమె నవ్వడం లేదు. కొడుకు ముఖం చూడటం లేదు. వెండి బూటునే చూస్తోంది.

పాటలయ్యాక బలరాం వచ్చి మంచం పక్కన కూర్చుని బూటు విప్పాడు. ద్వాలి ఆ కాలును తన ఒళ్లోకి తీసుకుని ఒత్తసాగింది. ఒత్తుతూనే తమ భాషలో నెమ్మదిగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. బలరాం ముఖం మారిపోయింది. భాను నా పక్కనే ఉంది. ఏమంటోందని అడిగాను.

"జ్వరమొచ్చినప్పుడు ఇల్లెందు దవాఖానాకు ఎత్తుకపొమ్మని అందరు చెప్పిన్రంట" అంది భాను మెల్లిగా. "పత్తి ఏరే దినాలు. రేపు పోత, రేపు పోత అని నాలుగు దినాలు ఆగిందంట. ఇన్నేండ్లు నీకు చెప్పలె, కాలు పొయింది నా వల్లనే అంటుంది."

అది పోలియో జ్వరమని, దవాఖానాకు ఆ నాలుగు రోజులు ఆగకుండా వెళ్లినా ఒరిగేదేమీ లేదని నర్సుగా భానుకు తెలుసు. ఆమె చెప్పడానికి ముందుకు కదిలింది. అంతలో బలరాం తల్లి చేతులు రెండూ పట్టుకుని ఆపాడు. ఏదో అన్నాడు, చాలా చిన్న మాట. ద్వాలి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. అందరికీ వడ్డించడానికి లోపలికి వెళ్లింది.

"ఏమన్నడు?" అని అడిగాను.

"ఆకలైతుంది, అన్నం పెట్టుమన్నడు" అంది భాను.

మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడపిల్లలు వాగు వైపు బయల్దేరారు. వాళ్ల పాట వినపడుతుండగా అందరం వాకిట్లో వరసగా కూర్చుని తిన్నాం. బలరాం రెండోసారి అడిగి మరీ కూర వేయించుకున్నాడు.